వెనకవాడి పేరు

లాలాపేటలో మస్తాన్ రేడియో షాపులో
తీసుకెళ్లనివాళ్ల అల్మారా ఒకటుండేది.
రశీదులు పసుపెక్కిన మర్ఫీలు, బుష్షులు,
రైల్వే గార్డు డికాస్టా
బదిలీ మీద పోతూ వదిలేసిన రికార్డు ప్లేయరు.
దాని మీద ఒక ప్లేటు అలాగే ఉండిపోయింది.

అట్ట మీద నల్లటి ముఖం. చెమట.
ఎవర్నో కేకేస్తున్నట్టు సగం తెరిచిన నోరు.
పాటగాడనుకున్నాను.
"చేతులు చూడరా, పుల్లలున్నాయి" అన్నాడు మస్తాన్,
సోల్డరింగు పొగలోంచి తలెత్తకుండానే.

అది మూఢం. పెళ్లిళ్లు లేవు.
బ్యాండులో సైడు డ్రమ్ము వాయించే యేసురత్నం
పగలు యార్డులో మిరప టిక్కీలు మోసి
సాయంత్రం చేతుల మంట చల్లార్చుకోడానికి
మా షాపు కుండలో నీళ్లు అడిగేవాడు.
ఆ రోజు నీళ్లు మర్చిపోయాడు.

"పైన పెద్దక్షరాల్లో ఎవరి పేరు?
బాకా వాడిదేనా?"
కాదు, డ్రమ్ము వాడిది.
"మళ్లీ చదువు."
కూడబలుక్కుని మళ్లీ చదివాను.
తువ్వాలుతో అట్ట తుడిచాడు,
దుమ్ము లేని చోట కూడా.

పదిహేనేళ్ల ఊరేగింపుల్లో
అతను చూసిన గుంటూరంతా
క్లారినెట్ మాస్టరు వీపు, ట్రంపెట్ వాడి మడమలు.

ముల్లు ఆనింది.
రెండు బాకాలు ఒకే మాట ఒకేసారి చెప్పి
అన్నదమ్ముల్లా చెరో వాటా తీసుకున్నాయి.
పియానో, ఆదివారం మా పేరిష్‌లో
ముసలమ్మ సాక్ష్యం చెప్పినట్టే
ఒక్క వాక్యం అని ఆగుతుంది,
స్తోత్రం అనేవాళ్లు అనేదాకా.
ఇది యేసురత్నం చెప్పిన పోలిక. నాకప్పటికి చర్చి తెలీదు.

అంతలో వెనకెక్కడో
చేటలో బియ్యం చెరిగిన చప్పుడు.
అది పెరిగి పెరిగి
కృష్ణ వంతెన మీద గూడ్సు బండై
ట్రంపెట్ వాణ్ణి వీపు మీద చరిచి అవతలికి విసిరేసింది.

"వీడు ముందుకు రాడేం?" అన్నాను.
"ఎందుకు రావాలి?
బండి తోలేవాడు ఎద్దుల వెనకే కూచుంటాడు గదయ్యా."

రెండో వైపు తిప్పాం.
బాకాలన్నీ తప్పుకుని
డ్రమ్ములు ఒక్కటే మిగిలిన చోట కరెంటు పోయింది.
ఉరుము నీరసించి, మూలిగి,
ఎండలో తారులా సాగి ఆగింది.
వీధంతా చీకటి. సోడా కొట్టువాడి తిట్టు.

ఆ చీకట్లో ఖాళీ రేడియో పెట్టె మీద
మిరపకారం మండే పది వేళ్లు
తెగిన చోటునుంచే అందుకున్నాయి.

ఎంతసేపో తెలీదు.
అగ్గిపుల్ల గీయబోయిన మస్తాన్ గీయలేదు.
తాళం తప్పిందనుకున్న ప్రతిసారీ
అది తప్పలేదు, దాక్కుంది.
ఎదురుచూడని మూల నుంచి వచ్చి చెవి పట్టుకుంది.

కరెంటొచ్చింది.
బావిలోంచి చేదినట్టు ప్లేటు మెల్లగా పైకి లేచింది.
అప్పటికి యేసురత్నం చాలా దూరం వెళ్లిపోయాడు.
ఆ దొడ్డ మనిషి ఆగలేదు, ఇతనూ ఆగలేదు.
రెండు ఉరుములు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటే
మస్తాన్ ముల్లు ఎత్తలేదు.

శ్రావణంలో మొదటి ముహూర్తం, బ్రాడీపేట నాలుగో లైను.
పెట్రోమాక్స్ దీపాల వెలుగు చివర, ఎప్పటి చోటులోనే, యేసురత్నం.
మాస్టరు ఊపిరి పీల్చుకునే సందులో
చేటలో బియ్యం. తర్వాత గూడ్సు బండి.
గుర్రం ముందుకాళ్లెత్తింది.
పెళ్లికొడుకు తలపాగా ముక్కు మీదికి జారింది.
మాస్టరు వెనక్కి తిరిగి చూశాడు,
పదిహేనేళ్లలో మొదటిసారి.

ఐదు రూపాయలు ఫైను.

కానీ ఐదో లైను మలుపులో
పాట మళ్లీ ఆ చోటికి రాగానే
మాస్టరు క్లారినెట్ పెదాల నుంచి
ఒక ఊపిరంత దూరం జరిపి
ఆగాడు.

ఫైను మాత్రం తిరిగివ్వలేదు.